రాబర్టు ఓవెను

రాబర్టు ఓవెను 1771లో వేల్సు దేశమందలి న్యూటౌను అను ఊర జన్మించెను. పదియేండ్ల ప్రాయముననే ఇల్లు విడిచి, స్టాంఫర్డు పట్టణమున ఒక బట్టల వర్తకునికడ పని నేర్వ కుదిరెను. మొదటి యేడు జీతము లేదు; తిండియు వసతియు మాత్రమే. అయినను యజమాని దయాళువగుటచే, ఆయన గ్రంథములు చదువుకొనుటకు బాలునికి తీరిక చిక్కెను. ఈ భాగ్యము అందఱిదియు కాదు.

1800లో ఓవెను స్కాట్లండునందలి న్యూలానార్కు నూలుమిల్లుల నిర్వహణ చేపట్టెను. అచట పని నేర్చువారను పేర సుమారు 500 మంది బీదబాలలు ఉండిరి. వారికి మంచి తిండియు, బట్టయు, బడియు గూడ కలవు. కాని ఉదయము 6 గంటలకు మిల్లు చొచ్చిన పిల్లలు రాత్రి 7 గంటలకు వెలువడి, ఆపైని బడికి పోవలయును. అలసిన కన్నులకు అక్షరములు అంటునా? అక్షరమాలయే వారికి గగనమయ్యెను. పనినేర్చు బాలలకు 12 గంటలకు మించి పని కూడదనియు, చదువు చెప్పవలయుననియు 1802లో చట్టమయ్యెను గాని, దానిని పాటించిన మిల్లులు అరుదు.

ఓవెను అట్టి బాలలను చేర్చుకొనుట మానెను. పదేండ్లు నిండనివారిని పనిలో పెట్టక బడికి పంపెను. దేశమంతటికిని ఇట్టి చట్టమే కావలెనని 1815 నుండి పోరాడెను. లాభము తగ్గునని తోడి యజమానులు ఎదిరించిరి. తుదకు 1819లో వచ్చిన చట్టము ప్రత్తిమిల్లులకే పరిమితమై, తొమ్మిదేండ్ల పిల్లలకును 12 గంటల పనిని అనుమతించెను. ఓవెను మిగుల ఖిన్నుడయ్యెను. తనిఖీదారులను నియమించి, చిన్నపిల్లలకు దినమునకు రెండు గంటల చదువు విధించిన చట్టము 1833లో గాని రాలేదు. అప్పటికి ఓవెనుకు 62 ఏండ్లు.