చీకటిలో నవ్విన తాతగారు
చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి జీవితము



వృద్ధాప్యములో కన్నులు మసకబారిన ఇస్సాకును గూర్చి ఆదికాండము 27వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ అధ్యాయమనగానే యాకోబు చేసిన మోసమే అందరికి జ్ఞాపకము వచ్చును గాని, చేతులతో తడవి కొడుకును గుర్తుపట్టజూచిన ఆ ముసలి తండ్రి చీకటి అంతగా జ్ఞాపకము రాదు. ఇస్సాకు అను పేరునకు నవ్వు అని అర్థము. నవ్వును చీకటిని ఒక్క మనుష్యునిలోనే చూడవలెనన్న మన తెలుగువారిలోను అట్టి పెద్ద ఒకరుండిరి. ఆయన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు. ఆయన క్రైస్తవుడు కాడు. మన సంఘపత్రికలో ఆయనకు చోటెందుకని అడుగువారు దయచేసి కొంత దూరము చదివి పిమ్మట అడుగుదురు గాక.

ఆయన 1867 సెప్టెంబరు 26న గోదావరి సీమలోని ఖండవల్లి గ్రామములో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆ దినములలో మన ఓరుగల్లు నిజాము ఏలుబడిలోను, ఆ సీమ ఇంగ్లీషువారి ఏలుబడిలోను ఉండెను. చిన్ననాటి నుండియే ఆయనకు రేచీకటి. పొద్దు గూకినదంటే లోకము లేదు. రానురాను పగటి చూపు కూడ పోయెను. మన పల్లెలలో ఇట్టి పిల్లవానికి ఏమి చేయుదుమో మనకు తెలియును. ఒక మూల కూర్చుండబెట్టి, వానికొక ఎగతాళి పేరు పెట్టి, పిలిచినప్పుడెల్ల నవ్వుకొందుము. ఈయన మూల కూర్చుండలేదు. రాజమహేంద్రవరములో తెలుగు పండితుడై బడిపిల్లలకు పాఠములు చెప్పెను. ఇతరులు చదువగా విని జ్ఞాపకమందుంచుకొనెను. తాను చెప్పగా ఇతరులు వ్రాసిరి. ఆ విధముగా నాటకములు, నవలలు, పద్యములు, ప్రహసనములు ఎన్నో వెలువడెను.

ఆయన గయోపాఖ్యానము అను నాటకము పేరు వినని పల్లెటూరు అరుదు. కృష్ణార్జునులు ఒకరితో ఒకరు తలపడు ఆ కథను ఊరూర ఆడిరి. పుస్తకము లక్షకు మించి అమ్ముడుపోయెను. తరువాత ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశము గారు పడుచుతనములో ఆయన నాటకములందు వేషము కట్టినవారే. రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో హనుమకొండలో వెలసిన పిమ్మట, అట్టి గ్రంథాలయముల మూలముగా గోదావరి గట్టు తెలుగు మన ప్రాంతమువారికిని దగ్గరయ్యెను.

కన్నులు లేకయు కావ్యములు చెప్పినందున ఆయనను ఆంధ్ర మిల్టను అనిరి. మిల్టను ఆదాము హవ్వల పతనమును గూర్చి గొప్ప కావ్యము చెప్పిన ఇంగ్లీషు కవి. ఆయనయు చూపు పోయినవాడే. పోలిక మంచిదే గాని, మా మట్టుకు అది సగమే సరిపోవునని తోచుచున్నది. మిల్టను పకోడీని ఎరుగడు! మన చిలకమర్తివారు ఇతర కవులు దేవేంద్రుని కొలువును వర్ణించు ఛందస్సులోనే పకోడీ రుచిని వర్ణించుచు పద్యములు చెప్పిరి. పెద్ద పండితుడు ఇట్టి పని చేయవచ్చునా అని ఆయన సంకోచింపలేదు. ఆవురావురుమని తినువాని ఆకలియు, తిన్నవాని తృప్తియు ఆయనకు నవ్వదగినంత ప్రియమైనవి.

ఆయన గణపతి అను నవల తెలుగు హాస్యమునకు పెట్టినది పేరు. సోమరియు, తిండిపోతును, చదువు అబ్బనివాడునైన ఒక బ్రాహ్మణ కుర్రవాని కథ అది. తరువాత ఆకాశవాణివారు దానిని నాటకముగా మలచి వినిపింపగా, చదువురాని వారును రేడియోచుట్టు చేరి కడుపు పట్టుకొని నవ్విరి. ఇక్కడ మేము ఒక సంగతి గమనించితిమి. ఆయన ఎవరిని చూచి నవ్వెను? కూలివానిని కాదు, మాలవాడను కాదు, మాదిగవాడను కాదు. తాను పుట్టిన ఇంటి లోపములను, తనవారి బడాయిని, తనవారి సోమరితనమును చూచి నవ్వెను. మన ఊళ్ల రచ్చబండ మీద హాస్యము ఎటు తిరుగునో మనకు తెలియనిది కాదు. అది పైవాని నోట పుట్టి క్రిందివాని మీద పడును. మన సంఘములలోని పెద్దలు ఆ హాస్యమును మోసినవారు. దాని బరువు వారికి తెలియును.

అందుచేతనే 1909వ సంవత్సరపు సంగతి మనకు ముఖ్యము. ఆ యేట ఆయన రాజమహేంద్రవరములో ఒక పాఠశాల స్థాపించెను. అది అంటరానివారని ఊరు వెలిగా ఉంచిన పిల్లల కొరకే. రాజా రామమోహన రాయల పేరు దానికి పెట్టి ఏండ్ల తరబడి నడిపెను. మిషను బడులు ఆనాటికే ఉండెను, వాటి మేలు మనము మరువము. అయితే ఆ మిషనులకు దూరదేశముల సంఘములు కానుకలు పంపుచుండెడివి. ఈయనకట్టి సంఘమేదియు లేదు. పిల్లల ముఖములైనను ఆయనకు కనబడలేదు. ఎవరు ఏ కులపువాడో ముఖము చూచి, బట్ట చూచి కొలుచు ఊరిలో, ఆ గుడ్డి పంతులుగారికి వారి గొంతుకలు మాత్రమే వినబడెను. ఎక్కములు తప్పిన గొంతుక ఏ పేటదో గొంతుకను బట్టి ఎవరు చెప్పగలరు?

ఆయన నవ్వునకు పదునును లేకపోలేదు. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసించినప్పుడు, ఆ సభలోనే ఆయన ఒక పద్యము చెప్పెను. అందులో దేశము పాడియావు, జనులు ఆకలిగొన్న దూడలు, దొరలు దూడల మూతులు కట్టివేసి పాలు పిదుకుకొను జాణలు. పాడి గల ఏ ఇంటివారికిని దాని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. నాలుగు పాదముల పద్యము ఊరూర పాకిపోయెను. అందరును నవ్విరి, నవ్విన తరువాత ఇంటికిపోయి ఊరకుండలేకపోయిరి.

ముసలితనములో ఆయన తన జీవితచరిత్రమును తానే చెప్పి వ్రాయించెను. కాగితము చూచుకొనుటకు కన్నులు లేవు. చిన్ననాటి ఊళ్లు, బడులు, పంతుళ్లు, స్నేహితులు అన్నియు మనస్సులో నుండియే తీసి చెప్పెను. పొయ్యి దగ్గర మనుమలను కూర్చుండబెట్టుకొని పాతకాలపు ముచ్చట్లు చెప్పు తాతగారి మాటతీరే అందులో ఉన్నది. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో ఆయనను సత్కరించిరి.

1946 జూన్ 17న, డెబ్బదియెనిమిది ఏండ్లు నిండిన పిమ్మట ఆయన కన్నుమూసెను. ఆ దూడల మూతికట్టు ఊడుటకు అప్పటికి ఇంక పదునాలుగు నెలలుండెను.