బుచ్చిబాబు నాయుడు

విక్టోరియా రాణి పాలించిన కాలమున ఇంగ్లాండులో వేసవి వచ్చెననిన క్రికెట్టు ఆటల కాలము వచ్చినట్లే. గ్రేస్ దొర బ్యాటు పట్టిన నాడు వేలకొలది జనులు మైదానములకు చేరెడివారు. ఆంగ్లేయులు ఆ యాటను చెన్నపురికిని గొనివచ్చి, 1846లో మద్రాసు క్రికెట్ క్లబ్బును స్థాపించిరి. అందు భారతీయులకు సభ్యత్వము లేకుండెను.

ఆ నగరముననే 1868లో ఒక తెలుగు కుటుంబమున బుచ్చిబాబు జన్మించెను. ఆయన అసలు పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. తాతగారగు వెంకటస్వామి నాయుడు ప్యారీ కంపెనీకి దుబాషి, గొప్ప ధనవంతుడు. ఆయన మనుమని దత్తు తీసికొని, మైలాపూరులోని లజ్ భవనమున గారాబముగా పెంచెను. బాలునకు క్రికెట్టుపై మక్కువ కలిగెను.

చెపాకు మైదానమున ఆడుటకు వచ్చిన భారతీయులకు పెవిలియనులో చోటు లేకుండెను. దొరలు లోపల భుజించుచుండగా, వీరు చెట్లనీడను కూర్చుండి భుజింపవలసి యుండెను. ఈ యవమానము బుచ్చిబాబు మనస్సును కలచివేసెను. అయినను ఆయన కలహమునకు దిగలేదు. ఆటలో సమానులమైననే గౌరవములో సమానులము కాగలమని నిశ్చయించుకొనెను.

అందుకు తగిన దృష్టాంతము బొంబాయిలో కలదు. అచ్చటి పారసీకుల జట్టు 1886లో ఇంగ్లాండు వెళ్ళి, 28 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచెను. వారు అధైర్యపడక సాధన చేసి, 1888 వేసవిలో మరల వెళ్ళి, 31 ఆటలలో 8 గెలిచిరి.

ఆ 1888లోనే బుచ్చిబాబు మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పెను. ఎస్ప్లనేడు మైదానమును బాగుచేయించి, బ్యాట్లు, బంతులు స్వంత ధనముతో సమకూర్చెను. యువకులను చేరదీసి ఆట నేర్పెను. ఇరువది యేండ్లు ఈ కృషి సాగెను. తుదకు దొరల క్లబ్బు భారతీయ జట్టుతో సమానముగా ఆడుటకు అంగీకరించెను. 1908 డిసెంబరులో ఆట జరుగవలెనని ఏర్పాటయ్యెను.

కాని విధి వేరొకటి తలచెను. ఆట కొలది దినములలో ఉన్నదనగా, నలువది యేండ్ల ప్రాయముననే బుచ్చిబాబు కన్నుమూసెను. ఆయన సంకల్పము మాత్రము ఆగలేదు. ఆ యాట జరిగెను. 1915 నుండి సంక్రాంతి దినములలో ఆంగ్లేయులకును భారతీయులకును ప్రెసిడెన్సీ పోటీలు జరుగసాగెను.

కోటా వారింటికి దత్తుపోయిన ఆయన కుమారుడు రామస్వామి, 1936లో భారత జట్టుతో ఇంగ్లాండు వెళ్ళి, మాంచెస్టరు టెస్టులో 40, 60 పరుగులు చేసెను. తండ్రి చెట్లనీడను చూచిన అవమానమునకు కుమారుడు మైదానమున సమాధానము చెప్పెను. బుచ్చిబాబు పేరిట వెలసిన పోటీ చెన్నపురిలో ఆయన స్మృతిని నిలుపుచున్నది.