సొర అన్న మాట – గిడుగు రామమూర్తి పంతులుగారు

వంటయింట్లో సొర అంటే కాయ. భీమునిపట్నం రేవులో సొర అంటే చేప. పాతపట్నం దాటి కొండ ఎక్కితే సొర అంటే మనిషి.

ఈ మూడు మాటలూ చెవికి ఒక్కటిగానే వినిపించినా వీటి పుట్టుకలు వేరు. కాయ పేరుకు తమిళంలో సురై, కన్నడంలో సోరె జ్ఞాతులు. చేప పేరుకు తమిళంలో సుఱా జ్ఞాతి. అందుచేతనే పూర్వులు చేపను బండి ఱ తో వ్రాసేవారు. పిల్లలు ఇప్పుడు బండి ఱ ను మరచిపోయారు గనుక కాయకూ చేపకూ భేదం వ్రాతలో కూడా పోయింది. ఇక మూడవ మాటకు ద్రావిడ భాషలతో చుట్టరికమే లేదు. అది శ్రీకాకుళం, గంజాం కొండలలో నివసించే ఒక జాతి తన్ను తాను పిలుచుకొనే పేరు. మనం వారిని సవరలు అంటాము. సంస్కృతంలో శబరులన్నారు. రామునికి ఆతిథ్యమిచ్చిన శబరి పేరు వినని తెలుగు బిడ్డ ఉండదు.

ఈ చిన్న మాటను పట్టుకొని ఎందరో పండితులు ఎంతో దూరం నడిచారు. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుని శాపానికి గురియైన కొడుకుల సంతతిగా ఆంధ్రులను, పుండ్రులను, శబరులను, పులిందులను, మూతిబులను ఒకే వరుసలో చెప్పారు. కొండవారిని చిన్నచూపు చూసే మన పల్లపువారు, ఆ పట్టికలో తమ పేరు కూడా ఉన్నదని ఒకమారు జ్ఞాపకం చేసుకోవడం మంచిది. రోముకు చెందిన ప్లినీ సువారులన్నాడు. టాలమీ సబరాయి అన్నాడు. పందొమ్మిదవ శతాబ్దంలో కన్నింగ్‌హామ్ దొరగారు ఈ పేరుకు మూలం గొడ్డలి అనే అర్థమున్న శకభాషాపదమని ఊహించారు. సవర భుజాన గొడ్డలి ఉండడమే ఈ ఊహకు ఆధారం. ఆ లెక్కన మన రైతుకు నాగలి పేరు పెట్టవలసి ఉంటుంది!

ధ్వనుల మార్పును బట్టి చూస్తే దారి కొంత తెలుస్తుంది. శబర అన్నది ప్రాకృతంలో సవర అవుతుంది. శ కారం స కారం కావడం, నడుమ బ కారం వ కారం కావడం అక్కడ మామూలే. లవణం లోణం అయినట్టు సవర సోర కావచ్చును. లేదా కొండమీది మాటనే మునులు తమ నోటికి అనుకూలంగా దిద్దుకొని శబర అని ఉండవచ్చును. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అయితే ఇంతమంది ఇన్ని శతాబ్దాలు ఈ పేరును గురించి వ్రాస్తూ వచ్చినా, ఆ పేరుగల మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని అతడు దానిని ఎట్లా పలుకుతాడో శ్రద్ధగా విని, అతని భాషనంతటినీ గ్రంథస్థం చేసిన తెలుగువాడు మాత్రం ఒక బడిపంతులు.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న ముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీరరాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో రామమూర్తిగారు విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఆ మరుసటి ఏడే, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. నెలజీతం ముప్పై రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి. ఏ. పట్టభద్రులయ్యారు.

ముఖలింగంలోని శాసనాలు ఆయనకు మొదటి గురువులని చెప్పవచ్చును. పాత లిపులను ఎవరూ నేర్పకుండానే నేర్చుకొని, గాంగరాజుల కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. చరిత్రకారుడుగా స్థిరపడదలచుకుంటే ఆయనకు ఈ దారి చాలును. కాని పర్లాకిమిడి వీధులలో మరొక భాష వినబడుతూ ఉండేది. కొండ దిగి సంతకు వచ్చే సవరలు తమలో తాము మాట్లాడుకొనే మాటలు అటు తెలుగు కావు, ఇటు ఒడియా కావు. తెలుగు వచ్చిన ఒక సవరను తమ ఇంట పెట్టుకొని పంతులుగారు ఆ భాషను పాఠంగా చెప్పించుకున్నారు. గురువుకు లిపి లేదు, శిష్యునికి పుస్తకం లేదు.

ఆ భాష ఎంత దూరపుదో ఒక్క చిన్న మాట చూస్తే తెలుస్తుంది. నీటికి సవరలో పేరు డా. అయితే ఇది మన డా కాదు. అచ్చు పలుకుతూ ఉండగానే కంఠంలో ఊపిరి ఒక్క క్షణం బిగిసి ఆగుతుంది. ఈ బిగింపుకు తెలుగు లిపిలో అక్షరం లేదు. పక్కనున్న తెలుగువాడు నీరు అంటాడు, ఒడియావాడు పాణి అంటాడు. వారిద్దరితోనూ దీనికి పొత్తు లేదు. ఛోటానాగపూర్ ముండాలు దా అంటారు, వారు కూడా కంఠాన్ని బిగించే అంటారు. సంతాలీలో దాక్. సముద్రం దాటి బర్మా వెళితే ప్రాచీన మోన్ భాషలో డాక్. ఇంకా తూర్పుగా కాంబోడియాలో తిక్. జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ ష్మిట్ 1906లో ఈ భాషలనన్నిటినీ ఒక కుటుంబంగా చేర్చి ఆస్ట్రో ఏషియాటిక్ అని పేరు పెట్టాడు. చురుకైన విద్యార్థి ఎవరైనా డా అన్నది మన దాహానికి బంధువు కాదా అని అడగవచ్చును. కాదు, దాహం సంస్కృతం, దాని అర్థం మంట. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం కాదు. అనేక భాషలలో అనేక మాటలు ఒకే క్రమంలో కలిస్తేనే బంధుత్వం. లెక్కలలో కూడా సవరలది వేరు పద్ధతి. మనం పది దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెడతాము. వారు పన్నెండు దాకా పేర్లు పెట్టుకొని, పదమూడును పన్నెండున్నొకటి అంటారు.

ఇటువంటి భాషను పట్టుకోవడానికి చెవి కావాలి. పంతులుగారి చెవినే ఆ కొండలు తీసుకున్నాయి. మన్యంలో తిరుగుతూ ఉండగా పట్టుకున్న జ్వరాలకు క్వినైను వాడగా వాడగా ఆయనకు చెవుడు వచ్చింది, అది జీవితాంతం వదలలేదు. అయినా పని ఆగలేదు. ధ్వనిశాస్త్రం చదివి, కుమారుడు సీతాపతిగారి సాయంతో పని సాగించారు. సవర పిల్లల కోసం వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టి ఉపాధ్యాయులను తయారుచేయమని కోరారు.

తెలుగునాట ఆయన పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమమే స్ఫురిస్తుంది. 1906లో విశాఖపట్నం ప్రాంతంలో పాఠశాలల అధికారి యేట్స్ దొర, కళాశాల ప్రధానాచార్యులు శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు కలిసి కదిలించిన ఆ చర్చ, పరీక్షలలో వాడుకభాషకు చోటివ్వాలా అన్న వివాదం, జయంతి రామయ్య పంతులుగారి ప్రతిపక్షం, 1919లో తెలుగు అన్న పత్రిక – ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. నాకు తోచేది ఒకటున్నది. పుస్తకమే లేని సవర భాషకు కూడా తప్పని వ్యాకరణం ఉన్నదని స్వయంగా చూసినవానికి, నోటి తెలుగులో వ్యాకరణం లేదని ఎవరు చెప్పినా నమ్మడం సాధ్యం కాదు. ఆయన ధైర్యానికి వేళ్ళు కొండమీద ఉన్నాయి.

ఆ శ్రమ ఫలితం ఆలస్యంగా అచ్చయింది. సవర భాషను గురించిన ఇంగ్లీషు గ్రంథం 1931లో వెలువడింది. అట్టమీదనే భాష పేరును సవర అని మాత్రం ఊరుకోక, వారు పలికే విధంగా సోరా అని, రెండు అచ్చులూ దీర్ఘాలని ప్రత్యేకమైన చుక్కలతో చూపి వేశారు. శబర కాదు, సువారి కాదు, సొరకాయలోని హ్రస్వం కూడా కాదు. అచ్చుపుస్తకం మొదటి పుటలోనే ఆ జాతి తన నోటితో తన పేరు చెప్పుకున్నట్టయింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు వచ్చింది.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దానిని వ్యతిరేకించిన పంతులుగారు యాభైయేళ్ళకు పైగా ఉన్న ఊరును విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. సవర కొండలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. ఆ ఏడే ఒరిస్సా వైపున మంగై గొమాంగో అనే సవర తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపిని కల్పించాడు. ఆ పేరులో మొదట వినబడేది మళ్ళీ ఆ చిన్న మాటే. ఆంధ్ర వైపు సవరలు తెలుగు అక్షరాలనే వాడుకున్నారు.

సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. అప్పటికి పంతులుగారికి డెబ్బయ్యైదు సంవత్సరాలు. 1940 జనవరి 22న ఆయన కీర్తిశేషులయ్యారు.