జెండా బొమ్మల పుస్తకం

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ముందుగా బయటికి తీసేది కాగితాల సంచి. టీసీలు, మార్కుల జాబితాలు, పుట్టిన తేదీ పత్రాలు అన్నీ అందులోనే. గిన్నె పోతే ఇంకొకటి కొనుక్కుంటాం, ఆ సంచి పోతే కొత్త ఊళ్లో బడిలో చేరడమే కష్టం. భిలాయి వచ్చినప్పుడు మేము సామానంతా లారీకెక్కించి, దాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాం.

పింగళి వెంకయ్య గారిదీ ఊళ్లు మారిన బతుకే. 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. కుర్రతనంలోనే బ్రిటిష్ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే అయిందంటారు. తిరిగొచ్చాక రైల్వే గార్డుగా, బళ్లారిలో ప్లేగు అధికారిగా పనిచేశారు. జపాను భాష నేర్చుకుంటే జపాన్ వెంకయ్య అన్నారు, పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య అన్నారు, వజ్రాల గురించి చదివితే వజ్రాల వెంకయ్య అన్నారు. ఒక్క మనిషికి ఇన్ని పేర్లా అని తరగతిలో పిల్లలు నవ్వారు.

సైన్యంలో ఆయన నిలబడింది పరాయివాళ్ల జెండా కింద. మరి మన దేశానికి ఏ జెండా? దీనికి జవాబు వెతుకుతూ 1916లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. ఇతర దేశాల జెండాలను పరిశీలించి, మనకు తగినవని ముప్పై దాకా నమూనాలు అందులో ఇచ్చారు. ఆయన మిగిల్చిన కాగితాల్లో మాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఒకటి గీసి అంతే చాలనుకోని మనిషి!

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీజీ అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి జెండా తయారుచేసిచ్చారు. తెల్లరంగు గాంధీజీ చేర్పించారు. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రం పెట్టి ఆమోదించింది. పరీక్షలో మీరు జెండా రూపకర్త పింగళి వెంకయ్య అని ఒక్క ముక్క రాస్తారు. తప్పు కాదు గానీ, ఇన్ని చేతులు పడ్డాయని కూడా రాస్తే మేము సంతోషిస్తాం.

1963 జులై 4న ఆయన పేదరికంలోనే కన్నుమూశారు. 2009లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది. ఇంట్లో తాతయ్యల స్టాంపుల పుస్తకం ఉంటే వెతకండి. దొరికితే మడత పడకుండా కవరులో పెట్టి తెలుగు పీరియడ్‌కు తీసుకురండి.