చదువు, ఆట, పాట ఒక్కటైన జీవితం: ఆదిభట్ల నారాయణదాసు

చదువు వేరు, ఆటపాటలు వేరు అనే భావం మన సమాజంలో బహుకాలంగా పాతుకొని పోయింది. పరీక్షలు దగ్గరపడగానే మైదానంలోని బంతి మూలకు చేరుతుంది. హార్మోనియం పెట్టెకు తాళం పడుతుంది. వార్షికోత్సవం నాడు మాత్రమే పాటగాడు గుర్తుకు వస్తాడు, క్రీడాదినం నాడు మాత్రమే పరుగు వీరుడు గుర్తుకు వస్తాడు. మిగిలిన రోజులలో వారిద్దరూ కాలం వృథా చేసేవారి జాబితాలోనే ఉంటారు. ఈ భావం ఎంత పొరపాటో తెలుసుకోవడానికి దూరదేశాల చరిత్ర తిరగవేయనక్కర లేదు. మన కళింగాంధ్ర భూమిలోనే జన్మించి, పాండిత్యాన్ని, సంగీతాన్ని, నృత్యాన్ని, దేహదారుఢ్యాన్ని ఒకే వ్యక్తిత్వంలో నిలుపుకొన్న హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితాన్ని పరిశీలిస్తే చాలు.

దాసుగారు 1864 ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి సమీపాన ఉన్న అజ్జాడ గ్రామంలో జన్మించారు. అందుచేతనే ఆయన పేరుకు ముందు అజ్జాడ అనే మాట స్థిరపడిపోయింది. ఆ కాలంలో ఆ గ్రామం విశాఖపట్నం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి ప్రాంతం అందులో చేరి, 1979లో విజయనగరం జిల్లా అవతరించే వరకు మనతోనే ఉన్నది. కనుక పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల విద్యార్థులు దాసుగారిని పరాయి జిల్లావారుగా భావించనవసరం లేదు.

తండ్రి వేంకటచయనులుగారు పండితులు. తల్లి లక్ష్మీనరసమ్మగారు. బిడ్డకు వారు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంటిలో పురాణశ్రవణం నిత్యకృత్యం. పసితనంలోనే ఆ బాలుడు భాగవత పద్యాలు కంఠస్థం చేసి శ్రావ్యంగా చదివేవాడు. అయిదేళ్ళ ప్రాయంలో ఒక పుస్తకాల దుకాణం ముందు నిలిచి భాగవతం కావాలని మారాము చేశాడనీ, ఇంత చిన్నవాడికి అంత గ్రంథం ఎందుకని నవ్విన దుకాణదారుడు అతని నోట పద్యాలు విని, ముగ్ధుడై ఆ పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చి పంపాడనీ పెద్దలు చెప్పుకొనేవారు. పుస్తకం కొనుక్కొనే స్తోమతు లేని బాలునికి కంఠమే మూలధనమైన వైనం ఈ కథలో కనిపిస్తుంది.

బొబ్బిలి ఆస్థాన వైణికులు వాసా సాంబయ్యగారి వద్ద ఆ బాలునికి కొంతకాలం సంగీత శిక్షణ లభించింది. పిదప విజయనగరంలో అన్నగారి పంచన ఉండి ఇంగ్లీషు చదువు ప్రారంభించాడు. ఆనాడు ఇంగ్లీషు చదివిన యువకునికి ఉద్యోగద్వారాలు తెరిచి ఉండేవి. కచేరీ గుమాస్తాగిరీ, వకీలు వృత్తి, ఉపాధ్యాయ పదవి ఇవన్నీ గౌరవమైనవి, నిలకడైన ఆదాయం గలవి. కుటుంబంలోని పెద్దలు కోరుకొన్నదీ అదే.

1883లో ఆయన జీవితం మలుపు తిరిగింది. విజయనగరానికి వచ్చిన కుప్పుస్వామి నాయుడు అనే భాగవతుని హరికథా కాలక్షేపం ఆ పందొమ్మిదేళ్ళ యువకుని చూపును ఆకట్టుకొన్నది. కథ, పద్యం, కీర్తన, అభినయం, నర్తనం అన్నీ ఒకే మనిషిలో మేళవించిన ఆ ప్రక్రియలో తన శక్తులన్నిటికీ చోటున్నదని అతడు గ్రహించాడు. వెంటనే ధ్రువచరిత్రను స్వయంగా రచించి, విజయనగరం వేణుగోపాలస్వామి ఆలయంలో తొలి హరికథ చెప్పాడు. సూర్యనారాయణ నారాయణదాసు అయ్యాడు.

ఈ నిర్ణయంలోని సాహసాన్ని ఈనాటి విద్యార్థులు సరిగా అంచనా వేయాలి. కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, జనం మధ్య ఆడి పాడే వృత్తిని ఆనాటి విద్యావంతులు గౌరవంగా చూసేవారు కారు. పండితులకు అది ఆటగా, ఆటగాళ్ళకు అది పాండిత్యంగా తోచేది. ఇంగ్లీషు చదువుకొన్న యువకుడు ఆ దారి పట్టడమంటే, చేతికి అందిన అన్నం పళ్ళెం తోసివేసి ఆకలిని ఎన్నుకోవడమే. అయినా దాసుగారు వెనుదిరగలేదు. తాను చేరిన కళ స్థాయినే పెంచి, చులకన చేసినవారినే శ్రోతలుగా మార్చుకొన్నారు.

తరువాతి సంవత్సరాలలో ఆయన ఉత్తర సర్కారు జిల్లాలలోని పట్టణాలెన్నో తిరిగారు. హరికథలు చెప్పారు, అష్టావధానాలు చేశారు. మైసూరు సంస్థానంలో ఆయన గానాన్ని మహారాజు ఆలకించి, అప్పటికి కొత్త వింతగా ఉన్న శబ్దగ్రాహక యంత్రంలో నమోదు చేయించారు. విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించారు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమైనదీ ఆ ప్రభువు కాలంలోనే, ఆ పట్టణంలోనే. ఒకవైపు నాటకరంగంలో ఆధునిక భావాలు ఉదయిస్తుండగా, మరొకవైపు హరికథా వేదిక మీద ప్రాచీన వాఙ్మయం కొత్త ఊపిరి పోసుకొన్నది.

హరికథకు దేహబలం ఎంత అవసరమో ఇక్కడ చెప్పుకోవాలి. ధ్వనివర్ధక యంత్రాలు లేని రోజులవి. వేలాది జనం కూర్చున్న పందిరిలో చివరివరుసలోని వానికి కూడా మాట స్పష్టంగా వినబడాలి. గంటల తరబడి నిలబడి, పాడుతూ, అడుగులు వేస్తూ, ఒక్కొక్క పాత్రకు తగినట్లు కంఠం మార్చుతూ కథ నడపాలి. ఊపిరి చాలనివానికి రాగం నిలవదు. కాలు తడబడినవానికి లయ తప్పుతుంది. దాసుగారు భారీ విగ్రహం, గంభీర కంఠం గలవారు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు ఈ అయిదింటితో ఏకకాలంలో అయిదు వేర్వేరు తాళాలను నడిపి చూపేవారు. అందుకే ఆయనకు పంచముఖీ పరమేశ్వరుడనీ, లయబ్రహ్మ అనీ పేర్లు వచ్చాయి. ఆ సాధన వెనుక మల్లయుద్ధ వీరుని కసరత్తుకు ఏమాత్రం తీసిపోని క్రమశిక్షణ ఉన్నది.

మల్లవీరుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక విశేషం. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, అనంతరం సర్కసు సంస్థ స్థాపించి దేశదేశాలలో కీర్తి గడించారు. ఆ రాజవంశానికే చెందిన విజయానంద గజపతిరాజు, విజ్జీ అనే ముద్దుపేరుతో, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించారు. పాండిత్యం, గానం, వ్యాయామం, క్రీడ ఒక తరంలో ఒకే పట్టణపు గాలిలో పెరిగాయంటే, వాటి మధ్య సహజమైన వైరం ఏదీ లేదని వేరే చెప్పనక్కర లేదు.

1919వ సంవత్సరం దాసుగారి జీవితంలోనూ, ఆంధ్రుల సంగీత చరిత్రలోనూ ముఖ్యమైనది. సంస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు. అక్షరాల బడిలో చోటు దొరకని ఆ బాలునికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచనే సంగీత విద్యాలయ స్థాపనకు దారితీసిందని చెబుతారు. ఒక బిడ్డ కోసం తలుపు తీస్తే, ఆ తలుపు ఎందరికో తెరుచుకొన్నది. మహారాజా విజయరామ గజపతిరాజుగారు నెలకొల్పిన ఆ విజయరామ గానపాఠశాలకు దాసుగారు ప్రథమాధ్యక్షులైనారు. అంతవరకు గురువుగారి ఇంట చాకిరీ చేస్తూ, ఆయన దయ కలిగినప్పుడు నేర్చుకొనే విద్య ఇక తరగతులు, పాఠ్యక్రమం, అధ్యాపకులు గల విద్యగా మారింది.

అధ్యాపకుల ఎంపికలో దాసుగారి ఔదార్యానికి ఒక్క నిదర్శనం చాలు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు చూపు మందగించి బడిచదువు సాగక ఫిడేలునే నమ్ముకొన్న యువకులు. విద్యార్థిగా చేరాలని ఆయన గానపాఠశాలకు వచ్చారు. ఆయన కమాను పలికించిన నాదం విన్న దాసుగారు, ఇతడు నేర్చుకోవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని నిశ్చయించి ఆచార్యపదవి ఇప్పించారు. అప్పటికి నాయుడుగారి వయస్సు 26 సంవత్సరాలు. పట్టా అడగలేదు, కులం అడగలేదు, వయస్సు చూడలేదు. విద్యను మాత్రమే చూశారు. 1936లో దాసుగారు విరమించుకొన్నప్పుడు ఆ పీఠాన్ని అధిష్ఠించినవారు ఆ నాయుడుగారే. తరువాత ఆ విద్యాలయంలో ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల వంటివారు చదువుకొన్నారు. నేడు తెలుగునాట ఏ ఇంట రేడియో పలికినా ఆ బడి ఋణం కొంత మనమీద ఉన్నట్లే.

ఇక మన కళాశాల విద్యార్థులు, అందునా ఉర్దూ, పారశీక సాహిత్యాలపై అభిమానం గలవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం మరొకటి ఉన్నది. దాసుగారు సంస్కృతాంధ్రాలతోపాటు ఇంగ్లీషు, ఉర్దూ, అరబ్బీ, పారశీక భాషలను అభ్యసించారు. ఇంగ్లండుకు చెందిన ఫిట్జెరాల్డు 1859లో ప్రకటించిన ఆంగ్లానువాదం మూలంగా ఉమర్ ఖయ్యాం రుబాయీలు ప్రపంచప్రసిద్ధి పొందాయి. తెలుగు కవులలో అనేకులు ఆ ఆంగ్లానువాదాన్నే ఆధారం చేసుకొన్నారు. దాసుగారికి అది తృప్తి కలిగించలేదు. మూలంలోని కవి వేరు, అనువాదంలోని కవి వేరు అని ఆయనకు తోచింది. ఆ సంగతి నిరూపించడానికి పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డు పద్యాలనూ పక్కపక్కన నిలిపి, వాటిని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ అనువదించారు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. అప్పటికి ఆయనకు 68వ ఏడు.

ఇందులోని శ్రమను ఊహించండి. రుబాయీ నాలుగు పాదాల చిన్న పద్యం. సాధారణంగా ఒకటి, రెండు, నాలుగు పాదాల చివర ప్రాస కలుస్తుంది. తెలుగు పద్యంలో ప్రాస పాదారంభాన రెండవ అక్షరంలో ఉంటుంది. ఒక భాష తోకను పట్టుకొంటే మరొక భాష తలను పట్టుకొంటుంది. ఈ రెండింటి నడుమ భావం జారిపోకుండా మోసుకొని రావాలి. పైగా అచ్చతెలుగులో ఒక్క సంస్కృతపదం కూడా వాడరాదు. హరికథకుడైన ఒక సనాతన బ్రాహ్మణ పండితుడు నైషాపూరుకు చెందిన ఒక ముస్లిము కవికి న్యాయం జరగాలని, వృద్ధాప్యంలో ఇంతటి పరిశ్రమకు పూనుకొన్నారు. విద్యకు మతభేదం లేదనే మాట మనం సభలలో తరచు వింటాం. దాసుగారు ఆ మాట అనలేదు, చేసి చూపారు.

అంతకు పూర్వమే 1922లో నవరసతరంగిణి అనే గ్రంథంలో కాళిదాసు, షేక్‌స్పియరుల రచనల నుండి నవరసాలకు ఉదాహరణలు ఎంచి తెలుగు చేశారు. జానకీ శపథం, రుక్మిణీ కల్యాణం, యథార్థ రామాయణం మొదలైన హరికథలు రచించారు. తొంబై రాగాలతో ఒక అపూర్వ కీర్తనను కూర్చారు. తన తొలి ముప్పై ఏళ్ళ జీవితాన్ని నా యెరుక అనే స్వీయచరిత్రగా రాసుకొన్నారు. అందులో తన గొప్పలే కాక తన తప్పులు కూడా దాచకుండా చెప్పుకోవడం ఆయన నిర్భీతికి తార్కాణం. 1945 జనవరి 2వ తేదీన ఆయన పరమపదించారు.

ఆయన నాటిన విత్తనాలు ఎండిపోలేదు. గానపాఠశాల నేడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా విజయనగరంలో కొనసాగుతున్నది. 1973లో తూర్పు గోదావరి ప్రాంతపు కపిలేశ్వరపురంలో హరికథకే ప్రత్యేకంగా ఒక పాఠశాల వెలసి, నిరుపేద బాలికలకు సైతం ఆ కళను నేర్పింది.

విద్యార్థి సోదరసోదరీమణులారా! మన ఉద్దానపు కొబ్బరిచెట్టును చూడండి. వేరు ఇసుకలో నీటిని వెదకుతుంది, మాను గాలివానను తట్టుకొంటుంది, తల పైన కాయ కాస్తుంది. వేరుకు పోసే నీరు కాయకు నష్టమని ఏ రైతూ తలపోయడు. చదువు వేరు వంటిది, వ్యాయామం మాను వంటిది, కళ ఫలం వంటిది. కార్యనిర్వాహక వర్గంలోని పెద్దలకు కూడా ఒక విన్నపం. మైదానానికీ, సంగీతపు గదికీ, గ్రంథాలయానికీ కేటాయించే సొమ్మును మూడు వేర్వేరు ఖర్చులుగా లెక్కించవద్దు. తరగతిగదిలో వెనుకబెంచీ మీద మౌనంగా కూర్చున్న ఒక బాలుని చేతిలో ఏ వాద్యం పలుకుతుందో, ఏ బాలిక కాలిలో ఏ వేగం దాగి ఉన్నదో తలుపు తెరిచి చూడందే తెలియదు. విజయనగరంలో ఒక అంధబాలుని కోసం తలుపు తెరిచినవారికి కూడా, దానిగుండా ఎవరెవరు నడిచి వస్తారో ఆనాడు తెలియదు.