కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు: తెలుగున విజ్ఞానశాస్త్రము

శాస్త్రజ్ఞానము కొద్దిమంది పండితుల సొత్తుగా నున్నంతకాలము అది జాతి సంస్కృతిలో భాగము కానేరదు. ఖమ్మము జిల్లా అరణ్యసీమల చెంతనున్న వేంసూరు వంటి గ్రామములు నైజాము రాజ్యమున నుండిన రోజులలో పై చదువునకు ఉర్దూ ఆధారము. సరిహద్దునకు ఆవల బ్రిటిషు సీమలో ఇంగ్లీషు ఆధారము. తెలుగు మాత్రమే ఎరిగిన రైతునకు గాని గృహిణికి గాని కలరా ఏల వ్యాపించునో, గ్రహణ మెట్లు కలుగునో నూతన శాస్త్రరీతిని బోధించు గ్రంథములు మిక్కిలి అరుదు. ఆ కొరతను తీర్చుటకై జీవితమును ధారపోసిన మహనీయులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

పంతులుగారు 1877 మే 18వ తేదీన నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, అక్కగారైన భండారు అచ్చమాంబ అండన నాగపురమున విద్య నభ్యసించిరి. అచ్చమాంబగారు బడికి పోయి చదువలేదు. తమ్ముడు ఇంట చదువుకొనుచుండగా చెంత కూర్చుండి ఆమెయు అక్షరములు నేర్చెను. పిదప స్త్రీల చరిత్రలను రచించి ప్రసిద్ధి గాంచి, 1905లో పరమపదించెను. చదువు ఇంటి లోపలికి వచ్చినచో ఎట్టి ఫలము కలుగునో తెలుపుటకు ఆ సోదరి జీవితమే తార్కాణము.

ఎం.ఏ. పట్టము నందిన పంతులుగారు మరాఠీ భాషలో సైతము వ్యాసములు వ్రాయగల విద్వాంసులు. మునగాల సంస్థానమున దివానుగా నుండియు గ్రంథాలయోద్యమమునకు పాటుపడిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు తోడ్పడినవారిలో వారొకరు. 1906లో మిత్రులతో కూడి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము మండలి తొలి గ్రంథము. తదుపరి దేశచరిత్రలతోపాటు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము మున్నగు విషయములపై గ్రంథములు వెలువడెను. ఆ కార్యము సులభమైనది కాదు. శాస్త్రవిషయమును తెలుగున చెప్పవలెనన్న ముందుగా దానికి తగిన పరిభాషను సమకూర్చుకొనవలసియుండెను. సంపాదకులైన పంతులుగారు ఆ భారమును వహించిరి.

అంతటితో తృప్తి నొందక వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. అకారాది క్రమమున సర్వవిషయములను తెలుగువారి కందించుట వారి సంకల్పము. వేదాంతము, వ్యాకరణము, గణితము, జ్యోతిశ్శాస్త్రము ఒకే సంపుటమున ఇరుగుపొరుగులై నిలిచెను. శాస్త్రము పరదేశపు వస్తువనియు, వాఙ్మయము మాత్రమే మనదనియు తలచెడివారికి ఆ పుటల అమరికయే సమాధానము. పంతులుగారు స్వయముగా పెక్కు వ్యాసములు రచించిరి. అయినను కాలము వారికి తోడ్పడలేదు. మూడు సంపుటములు వెలువడినను గ్రంథము అకారమును దాటకమునుపే, 1923 జూలై 12వ తేదీన, 46 ఏండ్ల ప్రాయమున వారు మదరాసున కీర్తిశేషులైరి.

ఆయన తలపెట్టిన కార్యము ఆయనతో అంతరింపలేదు. హైదరాబాదులోని పరిశోధక మండలి వారి పేరు దాల్చి తెలంగాణ శాసనములను వెలికి తెచ్చెను. 1947లో వెలసిన తెలుగు భాషాసమితి మరల విజ్ఞానసర్వస్వ రచనకు పూనుకొని, శాస్త్రమునకొక సంపుటముగా ప్రకటించెను. పంతులుగారు విడిచిపోయినవి మూడు సంపుటములు మాత్రమే కావు. తెలుగు మాత్రమే ఎరిగినవానికి సైతము సకల శాస్త్రములను తెలిసికొను హక్కు కలదను విశ్వాసము. ఏ మారుమూల పల్లెలోనైనను ఒక విద్యార్థి శాస్త్రవిషయమును తన భాషలో చదివి, అర్థము చేసికొని, ఇంటివారికి వివరించిననాడు, అకారముకడ నిలిచిన ఆ గ్రంథము మరియొక అక్షరము ముందునకు సాగినట్లే యగును.