ఏడు ఘడియలు అడిగిన నాగమ్మ

మా మేనత్తను ఊళ్లో వాళ్లు వెనకాల నాగమ్మ అనేవాళ్లు. అది ఆమె పేరు కాదు. పంతొమ్మిదేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య ఇచ్చిన నాలుగెకరాలు తనే దగ్గరుండి సేద్యం చేయించుకునేది. కూలీల లెక్కలైనా, ఎరువుల అప్పైనా, గట్టు తగాదా అయినా మగవాళ్ల మధ్య నిలబడి మాట్లాడేది. అదే ఆమె చేసిన తప్పు. గట్టు దగ్గర ఆమెతో వాదించి నెగ్గలేనివాడల్లా ఇంటికెళ్లి, అది ఆడది కాదు, నాయకురాలు నాగమ్మ, కొంపలు కూల్చే రకం అని కసి తీర్చుకునేవాడు.

పల్నాటి ఆడపిల్లలకు ఈ తిట్టు కొత్త కాదు. మాచర్లలో, గురజాలలో, నరసరావుపేటలో పెరిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఎదురు మాట్లాడితే నాగమ్మ. లెక్క అడిగితే నాగమ్మ. నేను ఏడో క్లాసులో తిన్నాను ఈ మాట. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. ఇంతకీ ఎవరీ నాగమ్మ, ఎనిమిది వందల ఏళ్ల నాటి మనిషిని ఇంకా ఎందుకు తిడుతున్నాం అన్న ఆలోచన మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

12వ శతాబ్దం చివరి రోజులు. పల్నాటి యుద్ధం 1180 ప్రాంతంలో జరిగిందంటారు. ఇప్పుడంటే సాగర్ కుడి కాలువ నీళ్లొచ్చి మిరప, పత్తి పండుతున్నాయి గానీ అప్పట్లో ఇది రాళ్ల నేల, జొన్నల సీమ. ఇక్కడి జొన్నకూడు మీద శ్రీనాథుడంతటివాడు విసుక్కున్న సంగతి తెలిసిందే కదా. ఆయన వచ్చింది యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల పైచిలుకు తర్వాత. విసుక్కుంటూనే ఈ సీమ కథను ద్విపదలో రాశాడు, అది వేరే సంగతి.

నాగమ్మ పుట్టుక గురించి పల్నాట్లో చెప్పే కథ ఒకటుంది. ఆమె పుట్టింది ఇక్కడ కాదట. కరీంనగర్ వైపు ఆర్వెల్లి అనే ఊరట. తండ్రితో కలిసి పొట్టచేత పట్టుకుని పల్నాడు వచ్చి, మేనమామ ఉన్న జిట్టగామాలపాడు చేరింది. ఇప్పటి దాచేపల్లి మండలంలోని గామాలపాడే ఆ ఊరు. మేనమామ కొడుక్కే ఇచ్చి పెళ్లి చేశారు. కాళ్ల పారాణి ఆరకముందే అతను పోయాడు. పరాయి ఊరు, చిన్న వయసు, వెనక ఆస్తి లేదు, పిల్లలు లేరు. ఆ కాలంలో అలాంటి పిల్ల గతి ఏమిటో నేను చెప్పాలా? ఒక మూల కూర్చుని, శుభకార్యాలకు ఎదురుపడకుండా, ఎవరో పెట్టింది తిని బతకాలి. నాగమ్మ మూల కూర్చోలేదు. చదువుకుంది, పొలాలు చూసుకుంది, ఊరి తగవులు తీర్చింది. పెద్ద శివభక్తురాలు. నలుగురూ ఆమె మాట వినడం మొదలుపెట్టారు.

ఇక రాజుల సంగతి. అనుగురాజుకు ముగ్గురు భార్యలు. పెద్దభార్య మైలమాదేవి వెలనాటి వారి ఆడపడుచు. ఆమె పుట్టింటి అరణంగా వచ్చిందే పల్నాడు. ఈ కథలో ఆడవాళ్ల సొమ్ము మొదటి నుంచీ ఉందన్నమాట! ఆమె కొడుకు నలగామరాజు గురజాల గద్దెక్కాడు. మంత్రి బ్రహ్మనాయుడు. ఒకసారి నలగాముడు వేటకు వెళ్లి వస్తూ జిట్టగామాలపాడు దగ్గర ఆగాడు. మండే ఎండ. నాగమ్మ చలువ పందిళ్లు వేయించి రాజుకూ పరివారానికీ అలసట తీర్చింది. రాజు సంతోషపడి ఏం కావాలో కోరుకోమన్నాడు. నగలు అడుగుతుందనుకున్నాడేమో. ఆమె ఏడు ఘడియలు మంత్రి పదవి ఇమ్మంది. వెంటనే కాదు, తను కోరినప్పుడు. రాజు నవ్వి సరే అన్నాడు. అన్న మాటను ఆమె రాయించి పుచ్చుకుంది.

ఘడియ అంటే 24 నిమిషాలు. నేను కూర్చుని లెక్క వేశాను. ఏడు ఘడియలంటే 168 నిమిషాలు, అంటే రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఒక పాత సినిమా ఆడేంత సేపు. దానికి రాజు ఎందుకు కాదంటాడు? ఒక ఆడది రెండు మూడు గంటల్లో ఏం చేస్తుందిలే అనుకుని ఉంటాడు. నాగమ్మ సమయం చూసి ఆ పత్రం బయటికి తీసింది. పదవిలోకి వచ్చింది. మళ్లీ దిగలేదు.

ఇక్కడ మా అత్త గుర్తుకు రాక తప్పదు. తాతయ్యకు జబ్బు చేసిన ఏడాది, నూర్పిళ్లయ్యేదాకా చూడమ్మా అని ఇంటి తాళాల గుత్తి ఆమె చేతికిచ్చాడు. నూర్పిళ్లయ్యాయి. తాతయ్య కోలుకున్నాడు కూడా. కానీ ఆ ఏడాది కాటాలో మోసం పట్టుకుని, అప్పు తీర్చి, గాదె నింపింది ఆమె అని అందరికీ తెలుసు. గుత్తి తిరిగిమ్మని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె దాన్ని బొడ్లో దోపుకుని ముప్ఫై ఏళ్లు తిరిగింది.

నాగమ్మ పదవి మాత్రం అంత సాఫీగా సాగలేదు. బ్రహ్మనాయుడు తక్కువవాడు కాదు. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించినవాడు. మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాధిపతిని చేసినవాడు. అలాంటి మనిషికీ ఒక ఆడమనిషి మంత్రిత్వానికీ పొసగలేదు. ఆయన వీరవైష్ణవుడు, ఆమె శైవురాలు. ఆయన నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడి పక్షాన నిలిచాడు. రాజ్యం రెండయింది. గురజాల ఒకటి, మాచర్ల ఒకటి.

తర్వాతది అందరికీ తెలిసిన కోడిపందెం. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలి. మాచర్ల వాళ్లు ఓడారు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని కథ చెబుతుంది.

చిన్నప్పుడు అత్తతో కలిసి కారంపూడి తిరణాలకు వెళ్లాను. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరుల గుడి నుంచి ఆయుధాలు తీసుకొచ్చి, కత్తులు తిప్పుతూ ఊగిపోతుంటే నాకు భయమేసి అత్త కొంగు పట్టుకున్నాను. కోడిపోరు రోజున మా పక్కన నిలబడ్డ పెద్దాయన నాగమ్మను బండ బూతులు తిడుతున్నాడు. అత్త ఆయన్ని ఒకటే అడిగింది. కోడి మీద రాజ్యం ఒడ్డమని నాగమ్మ మెడ మీద కత్తి పెట్టిందా అని. పెద్దాయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. పందెం కాసినవాళ్లు వీరులు, గెలిచినామె మాయలాడి!

అలాగని నాగమ్మను దేవతను చేసి పీట మీద కూర్చోబెట్టాలని నాకు లేదు. ఏడేళ్లు గడిచాక మాచర్ల వాళ్లు తమ భాగం తమకిమ్మని అలరాజును రాయబారం పంపారు. అతను ఎవరో కాదు, నలగాముడి సొంత అల్లుడు. రాజ్యం ఇవ్వలేదు సరికదా, తిరిగి వెళ్తున్న అలరాజుకు చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపించారు. చేయించింది నాగమ్మేనని కథ. అది నిజమైతే దానికి సాకు లేదు. ఆ చావే కారంపూడిలో నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధానికి నిప్పు పెట్టింది. పెళ్లాం మొహం సరిగా చూడని బాలచంద్రుడు పోయాడు, కన్నమదాసు పోయాడు, రెండు వైపులా ఇళ్లకిళ్లు ఖాళీ అయ్యాయి. నాగమ్మ కోటలో దాక్కోలేదు. గురజాల సేనను తనే నడిపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అలరాజు భార్య పేరిందేవి. నలగాముడి కూతురు. మొగుడు చచ్చిపోతే చితి ఎక్కింది. ఆమె కథ పాడుతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. బాలచంద్రుడి భార్య మాంచాల కూడా అంతే. యుద్ధానికి వెళ్లే ముందు తన గడప తొక్కిన భర్తకు కర్తవ్యం గుర్తు చేసి, కాపురం చేయకుండానే కత్తి చేతికిచ్చి పంపింది. పిల్లలకు మాంచాల అని పేరు పెట్టుకుంటారు. ఇదే కథలో నాగమ్మ కూడా మొగుడు పోయిన పిల్లే. చితి ఎక్కలేదు, మూల కూర్చోలేదు, బతికింది, పైగా రాజ్యం నడిపింది. ఆమె పేరు మాత్రం తిట్టుగా మిగిలింది. విషం పెట్టించినందుకే ఈ తిట్టనుకుంటే, మా అత్త ఎవరికి విషం పెట్టింది? ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్లకు అలరాజు సంగతి గుర్తు కూడా ఉండదు. వాళ్లకు గుర్తున్నది వితంతువై ఉండి నలుగురిలో నోరు విప్పిన ఆడది, అంతే.

ఈ కథను వందల ఏళ్లు ఊరూరా మోసినవాళ్లు వీరవిద్యావంతులనే గాయకులు. వాళ్లు కొలిచేది బ్రహ్మనాయుడి పక్షపు వీరుల్ని. కాబట్టి మనకు దక్కింది ఒక పక్క నుంచి చెప్పిన కథ. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించారు. జీన్ రోఘైర్ అనే విదేశీ పరిశోధకుడు ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను ఇంగ్లిషులోకి తెచ్చి 1982లో పుస్తకం వేశాడు. గురజాల వైపు నుంచి నాగమ్మ కథ పాడినవాళ్లు ఎవరైనా ఉండి ఉంటే, ఆ పాట మన చెవిదాకా రాలేదు.

అయినా ఒక తమాషా చూడండి. తిట్టడానికి కట్టిన కథే ఆమెను బతికించింది. అనుగురాజు పేరు, మలిదేవుడి పేరు ఎందరికి తెలుసు? నాగమ్మ తెలియనివాళ్లు లేరు. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధం సినిమాలో కన్నాంబ, 1966లో మళ్లీ తీసినప్పుడు భానుమతి నాగమ్మ వేషం కట్టారు. ఆ కాలపు హేమాహేమీలు ఇద్దరూ. మెతక నటులు మోయగలిగిన వేషమైతే వాళ్లదాకా వచ్చేదా? మా అమ్మకు 1966 సినిమాలో రామారావు బ్రహ్మనాయుడి వేషం కంటే భానుమతి నిలబడే తీరే ఎక్కువ గుర్తుంది.

మరో ఎనభై ఏళ్లకు ఓరుగల్లులో రుద్రమదేవి గద్దెక్కింది. ఆమె రాజు కూతురు. అయినా రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టుకోవలసి వచ్చింది. నాగమ్మకు తండ్రి రాజూ కాదు, భర్త రాజూ కాదు. పేరు మార్చుకోలేదు, మగవేషం వేయలేదు. నాయకురాలు అనే ఆడమాటతోనే మంత్రిత్వం చేసింది.

యుద్ధం అయ్యాక ఆమె ఏమైందన్నది తలా ఒక రకంగా చెబుతారు. బ్రహ్మనాయుడు చంపకుండా వదిలేశాడని ఎక్కువమంది అంటారు. ఆయన అంతా విడిచి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడట. ఆమె వచ్చిన దారినే పుట్టిన ఊరికి వెళ్లిపోయిందట. గెలిచినవాడికీ రాజ్యం మీద ఆశ చచ్చింది, ఓడినామెకూ చచ్చింది. ఊళ్ల నిండా మిగిలింది మొగుళ్లు పోయిన ఆడవాళ్లు. వాళ్లు ఎలా బతికారో, ఏ చేలు దున్నించుకున్నారో ఎవరూ పాడలేదు.

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. 2022లో నరసరావుపేట కేంద్రంగా మాకు పల్నాడు జిల్లా వచ్చాక, మా అన్నయ్య మనవరాలి బడిలో వార్షికోత్సవానికి పల్నాటి కథ వేయాలనుకున్నారు. నాగమ్మ వేషం ఎవరికిచ్చినా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవడం లేదని, మా పిల్లకు ఇస్తే మీకేమైనా అభ్యంతరమా అని టీచరమ్మ మొహమాటపడుతూ ఫోన్ చేసింది. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి పాత ట్రంకు పెట్టె తీశాడు. ఏ తాళానికీ పట్టని ఆ గుత్తి అడుగున అలాగే ఉంది. పిల్ల దాన్ని బొడ్లో దోపుకుని, బరువుగా ఉంది తాతయ్యా అంటూనే ఇల్లంతా గలగలలాడించుకుంటూ తిరిగింది.